పనివేళల లెక్కలో భోజన విరామం

మన ఇండ్లలో మగ్గానికి గడియారం లేదు. తెల్లవారుజామున గుంతలో కాళ్ళు పెట్టినవాడు పోగు తెగితే ఆగును, కండెలు అయిపోతే లేచును, ఇంటివారు అన్నానికి పిలిస్తే చేతులు కడుగుకొనును. కూలి చీరకు ఇంత అని గాని గంటకు ఇంత అని కాదు. అందుచేత హాజరు, పనివేళలు, విరామం అను మాటలు మిల్లువారివే గాని మనవి కావని మన పెద్దలు చాలకాలం అనుకొన్నారు.

ఇప్పుడా మాట చెల్లదు. మన వీధులలో ఏ ఇంటి తలుపు తట్టినా ఒకరో ఇద్దరో మగ్గం విడిచి బయట పనికి పోవుచున్నారు. తిరుప్పూరు బనియన్ కంపెనీలలో, బెంగుళూరు గార్మెంటు ఫ్యాక్టరీలలో, భీవండి, సోలాపురం పవర్‌లూము షెడ్లలో, పట్నపు బట్టల దుకాణాలలో, కంప్యూటరు ఆఫీసులలో మన పిల్లలున్నారు. వారు ఎన్ని గంటలకు వచ్చినదీ, ఎన్ని గంటలకు పోయినదీ, మధ్యలో ఎంతసేపు కూర్చున్నదీ చాలచోట్ల మనిషి వ్రాయుట లేదు, యంత్రం వ్రాయుచున్నది. ఆ యంత్రం వ్రాసినదే జీతం. కనుక అది విరామాన్ని ఏ విధంగా లెక్కకట్టునో మన కుటుంబాలు తెలిసికొనుట అవసరము. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా సంఘంలోనే, నా చేతి మీదుగానే ఒక పొరపాటు జరిగినది. దానిని దాచక చెప్పుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా సంఘంలో జరిగినది

మాది సేలం జిల్లాలో ఒక చేనేత సహకార సంఘం. నేత పని సభ్యుల ఇండ్లలోనే జరుగును. జీతానికి పనిచేయువారు పదునలుగురు: అమ్మకపు డిపోలో ఉన్నవారు, అద్దకపు షెడ్డులో ఉన్నవారు, నూలు గోదాములో ఉన్నవారు, ఆఫీసువారు. వెనుక హాజరుపట్టీ పుస్తకం ఉండెడిది. ఆడిటు సమయంలో దానితో చిక్కులు వచ్చుచున్నవని బోర్డువారు వేలిముద్ర యంత్రమూ, దానికి తగిన పనివేళల సాఫ్ట్‌వేరూ కొనుటకు తీర్మానించిరి. అమర్చిన కుర్రవాడు నన్ను పక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క ప్రశ్న అడిగినాడు. డిపో ఎన్ని గంటలకు తెరుతురు? పదింటికి. ఎన్నింటికి మూయుదురు? రాత్రి ఏడింటికి. భోజన విరామం ఎంత? ఒక గంట. "ఆ గంటను మిషనే తీసివేయునట్లు పెట్టమంటారా, లేక మనిషి వెళ్ళునప్పుడూ వచ్చునప్పుడూ వేలు పెట్టవలెనా?" అని అడిగినాడు. మధ్యాహ్నం పూట యంత్రం ముందు గుంపు కూడుట ఎందుకని తలచి, మిషనే తీసివేయునట్లు పెట్టమన్నాను. నా పొరపాటు అక్కడ మొదలైనది.

నెల తిరుగగానే రిపోర్టు వచ్చినది. ఎంత చక్కగా ఉన్నదో చెప్పలేను. ప్రతి మనిషికీ తొమ్మిది గంటలు హాజరు, ఒక గంట విరామం, ఎనిమిది గంటలు పని. ఒక్క ఎర్ర గుర్తు లేదు. బోర్డు సమావేశంలో దానిని చూపి, మన సంఘంలో విరామ నియమం నూటికి నూరుపాళ్ళు అమలగుచున్నదని గర్వంగా చెప్పుకొన్నాను.

దీపావళి నెల వచ్చినది. రిబేటు రోజులు; డిపోలో నిలుచుటకు చోటు లేదు. పండుగ తరువాత జీతాలిచ్చు నాడు, చీరల విభాగంలో ఇరువది ఏండ్లుగా పనిచేయుచున్న ఒక పెద్దావిడ నా బల్ల దగ్గరకు వచ్చినది. ఆమె మాకు దూరపు చుట్టం; నేను పిన్నమ్మా అని పిలుతును. జీతపు చీటీ నా ముందు పెట్టి వ్రేలితో ఒక గడి చూపినది.

"ఇదేమి నాయనా, ఈ గంట?"

"భోజనం గంట పిన్నమ్మా. అది పనిలో చేరదు కదా."

"నేను ఎప్పుడు కూర్చున్నాను భోజనానికి? గుమ్మం దగ్గర నిలబడి రెండు ముద్దలు మింగి, చేయి తుడుచుకొని మళ్ళీ చీర విప్పినాను. నేను కూర్చోనే లేదు. నీ మిషను మాత్రం పిన్నమ్మ హాయిగా గంట కూర్చున్నదని వ్రాసినది."

నేను వెంటనే నమ్మలేదని ఒప్పుకొనవలెను. రిపోర్టు అంత శుభ్రంగా ఉన్నది. అయినా మనసు ఊరుకొనక బిల్లులు తీసి చూచినాను. డిపోలో ప్రతి బిల్లు మీద అమ్మినవారి నంబరూ, సమయమూ పడును. ఒంటిగంట నుండి రెండు గంటల వరకు ఆమెది విరామమని సాఫ్ట్‌వేరు చెప్పుచున్నది. ఒంటిగంటా ఇరువదికి ఆమె నంబరు మీద ఒక బిల్లు. ఒకటీ ముప్పదియైదుకు మరొకటి. రెండుకు పది నిమిషాలున్నదనగా ఇంకొకటి. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. ఆ నెలలో పని జరిగిన 24 రోజులలో 17 రోజులు ఇదే వరుస. ఒకే గదిలో రెండు యంత్రాలు. ఒకటి ఆమె తినుచున్నదని చెప్పినది, రెండవది ఆమె అమ్ముచున్నదని చెప్పినది. జీతం మాత్రం మొదటిదాని మాట మీద కట్టినాము.

17 రోజులకు 17 గంటలు. మామూలు వేళకు మించిన పనికి రెట్టింపు లెక్కన 34 గంటల జీతం. అనగా నాలుగు రోజుల జీతమూ, పైన రెండు గంటలూ. తక్కినవారి బిల్లులు కూడ చూడగా డిపోలో మరి ముగ్గురికి బాకీ తేలినది. బోర్డులో వాదన జరిగినది. "ఇచ్చితే తప్పు ఒప్పుకొన్నట్లు కాదా? ఆడిటరు అడిగితే ఏమి చెప్పెదవు?" అని ఒక డైరెక్టరు అడిగినారు. "ఇవ్వకుంటే తప్పు దాచినట్లగును, అది అంతకన్న కష్టం" అన్నాను. చివరకు బాకీ చెల్లించుటకు తీర్మానమైనది. ఆనాటి నుండి ఈ విరామ నియమాల సంగతి పట్టుదలతో తెలిసికొనుటకు మొదలుపెట్టినాను.

ఈ అరగంట ఎట్లు వచ్చినది

మధ్యాహ్నపు విరామం యజమానులు దయతలచి ఇచ్చినది కాదు. 1881లో మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చినప్పుడు పని గంటలకు హద్దూ, రోజుకు ఒక గంట విశ్రాంతీ పిల్లలకు మాత్రమే ఏర్పరచిరి. పెద్దవారి మాట అందులో లేదు. 1884లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను సమావేశపరచి ఒక విజ్ఞాపన సిద్ధం చేసినారు. వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం అందులోని ముఖ్యమైన కోరికలు. లోఖండే సత్యశోధక సమాజపు మనిషి. ఆ సమాజంలో బొంబాయి తెలుగువారు కూడ పనిచేసినారు. 1891 చట్టంలో గాని ఆ మధ్యాహ్నపు అరగంట అందరికీ రాలేదు.

మదరాసు సంగతి మనకు ఇంకా దగ్గరది. పేరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల మొరలను సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనువారు బి. పి. వాడియా దగ్గరకు తీసికొని పోయినారు. భోజనానికి ఇచ్చు విరామం చాలదనుట ఆ మొరలలో ఒకటి. వేలమంది ఒక్కసారి బయటకు వచ్చి, చేతులు కడుగుకొని, తిని, తిరిగి మగ్గం దగ్గరకు చేరుటకు అరగంట ఏ మూలకు? 1918 ఏప్రిల్ 27న మదరాసు లేబర్ యూనియన్ ఏర్పడినది. మన దేశంలో క్రమముగ ఏర్పడిన మొదటి కార్మిక సంఘాలలో దానిని లెక్కింతురు. అన్నం తినుటకు చాలినంత సమయం కావలెనను మాట కూడ దాని పుట్టుకలో ఉన్నది.

స్వాతంత్ర్యం తరువాత 1948 ఫ్యాక్టరీ చట్టం 55వ సెక్షనులో ఈ నియమం స్పష్టముగ వచ్చినది: అరగంటకు తగ్గని విరామం ఇవ్వక ఏ కార్మికుని చేతనైనా ఐదు గంటలకు మించి పనిచేయించరాదు. దుకాణాల విషయంలో మా తమిళనాడు చట్టం 1947 నాటిది. నాలుగు గంటల పని తరువాత ఒక గంట విశ్రాంతి ఇవ్వవలెనని దానిలో ఉన్నది. మా డిపోలో గంట లెక్క పెట్టుకొన్నది అందువల్లనే.

ఇక్కడ ఒక హెచ్చరిక. 1948 చట్టానికి బదులు 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. విరామం ఎంత, ఎన్ని గంటలకొకసారి అనునది ప్రభుత్వాలు నోటిఫికేషను ద్వారా నిర్ణయించవలెనని దాని ఏర్పాటు. కనుక కర్ణాటకలో ఉన్నవారు ఆ రాష్ట్రపు అంకె, మహారాష్ట్రలో ఉన్నవారు ఆ రాష్ట్రపు అంకె చూచుకొనవలెను. సాఫ్ట్‌వేరులో ఎన్నడో వేసిన అంకె దానంతట అది మారదు. మార్చవలసినవాడు మనిషే.

సాఫ్ట్‌వేరు చేయు పనులు

విరామ నియమాన్ని అమలుచేయుటకు ఈ సాఫ్ట్‌వేరులలో సాధారణముగ నాలుగైదు మార్గాలున్నవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క గుణమూ, ఒక్కొక్క దోషమూ ఉన్నవి.

మొదటిది, తానే తీసివేయుట. మేము చేసినది ఇదే. ఇది యజమానికి మిక్కిలి సులభం. విరామం దొరికినా దొరకకపోయినా లెక్కలో దొరికినట్లే ఉండును. దీనిని నియమపు అమలు అనుటకు వీలు లేదు. ఇది కోత మాత్రమే.

రెండవది, వెళ్ళునప్పుడూ వచ్చునప్పుడూ వేలు పెట్టుట. ఇది నిజానికి దగ్గరది. కాని మనుషులు మరచిపోవుదురు. మా అద్దకపు షెడ్డులో ఇంకొక కష్టం వచ్చినది. ఏండ్ల తరబడి రంగులలో, సోడాలో, వేడినీళ్ళలో నానిన చేతులు. వ్రేళ్ళ గీతలు అరిగిపోయినవి. యంత్రం ఎంతసేపు నొక్కినా గుర్తుపట్టదు. అట్టివారికి కార్డు గాని, అంకెల గుర్తు గాని ఇవ్వవలెను. ముసలి నేతగానికి కూడ ఇదే బాధ వచ్చునని మన సంఘాలవారు గుర్తుంచుకొనవలెను.

మూడవది, ముందుగా హెచ్చరించుట. నాలుగు గంటలు నిండుటకు అరగంట ముందు, ఈమె ఇంకను విరామం తీసికొనలేదని తెలుపును. మంచిదే. కాని హెచ్చరిక ఎవరికి పోవలెను? ఎదుట పదిమంది కొనుగోలుదారులు నిలిచియుండగా, ఆమె ఫోను మ్రోగి ఏమి లాభం? పోవలసినది ఆమె బదులు మరొక మనిషిని నిలబెట్టగలవానికి, అనగా మేనేజరుకు లేదా సెక్రటరీకి.

నాలుగవది, అడ్డుపెట్టుట. విరామపు నిమిషాలు పూర్తి కానిదే తిరిగి హాజరు వేయనీయదు. వినుటకు గట్టి ఏర్పాటువలె ఉన్నది. మేము రెండు వారాలు దీనిని పరీక్షించినాము. గోదాములో పనిచేయు కుర్రవాడు భోజనానికి పోయిన కొంతసేపటికి నూలు బేళ్ళ లారీ వచ్చినది. అతడు పరుగెత్తుకొని వచ్చి వేలు పెట్టగా యంత్రం ఒప్పుకొనలేదు. లారీవాడు ఆగడు. పాపం ఆ కుర్రవాడు హాజరు లేకయే బేళ్ళు దింపినాడు. నియమం కాగితం మీద నిలిచినది, కుర్రవాడు చేసిన పని లెక్కకు రాకుండ పోయినది. పనిని ఆపక హాజరును మాత్రం ఆపిన అడ్డు కార్మికునికే నష్టం.

ఐదవది, కారణం అడుగుట. విరామం తక్కువైన రోజున, దొరికినా నేనే వద్దనుకొన్నానా, లేక దొరకనే లేదా అని అడిగి జవాబు వ్రాసికొనును. జవాబు చెప్పువానికి భయం లేకుండ ఉంటే ఇది మంచి ఏర్పాటు. మేనేజరు భుజం మీదుగా చూచుచుండగా "దొరకలేదు" అని నొక్కు ధైర్యం కొత్తగా చేరిన పిల్లకు ఉండునా?

ఇవిగాక రెండు చిన్న సంగతులున్నవి. నష్టం మాత్రం చిన్నది కాదు. ఒకటి, నిమిషాలను గుండు అంకెకు సరిచేయుట. రెండవది, వ్రాసిన సమయాన్ని తరువాత దిద్దుట. దిద్దినవారెవరు, ఎప్పుడు దిద్దిరి, ముందున్న అంకె ఏది అను మూడూ సాఫ్ట్‌వేరులో నిలువవలెను. హాజరుపట్టీలో సిరాతో కొట్టివేసినప్పుడు కింద అంకె కనబడెడిది. కంప్యూటరులో ఆ జాడ ఉంచుమని మనం అడుగనిదే ఉండకపోవచ్చును.

కాలిఫోర్నియాలో ఒక తీర్పు

నిమిషాలు సరిచేయుట ఎంత దూరం పోవునో ఒక అమెరికా వ్యాజ్యం వల్ల తెలియును. మన వీధుల పిల్లలు కొందరు ఇప్పుడా దేశంలో ఉద్యోగాలు చేయుచున్నారు కనుక ఈ సంగతి మనకు పరాయిది కాదు. కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టం ప్రకారం ఐదు గంటలకు మించి పనిచేయువారికి ఐదవ గంట ముగియకముందే 30 నిమిషాల భోజన విరామం ఇవ్వవలెను. ఇవ్వని రోజున ఒక గంట జీతం అదనముగ చెల్లించవలెను. అక్కడ నర్సులను కుదుర్చు ఒక సంస్థ తన సాఫ్ట్‌వేరులో సమయాన్ని దగ్గరి పది నిమిషాలకు సరిచేయు ఏర్పాటు పెట్టుకొన్నది. దాని ఫలమేమి? 11 గంటల 2 నిమిషాలకు భోజనానికి లేచి, 11 గంటల 25 నిమిషాలకు తిరిగి వచ్చినవారికి 11 నుండి 11-30 వరకు విరామమని లెక్క పడును. తిన్నది 23 నిమిషాలు, వ్రాసినది 30 నిమిషాలు.

2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు, భోజన విరామపు లెక్కలో ఇట్లు నిమిషాలు సరిచేయరాదని తీర్పు చెప్పినది. అరగంటలో పోయిన ఏడు నిమిషాలు చిన్నవి కావని ఆ తీర్పు సారాంశం. విరామం తక్కువైనట్లు గాని, ఆలస్యమైనట్లు గాని, అసలు లేనట్లు గాని రికార్డులోనే కనబడితే నియమభంగం జరిగినదని మొదట తలచవలెననీ, కాదని చూపు భారం యజమానిదనీ కూడ చెప్పినది. అట్లని కార్మికుడు తిని తీరవలెనని యజమాని కాపలా కాయనక్కరలేదని అదే కోర్టు 2012లో చెప్పియున్నది. పని నుండి పూర్తిగా విడిచిపెట్టుట, అడ్డురాకుండుట యజమాని బాధ్యత.

దీనిని గురించి మా డిపోలో ఒక చర్చ జరిగినది. అమ్మకం మీద కొంత ప్రోత్సాహకం ఉన్నందున ఒక యువకుడు, "నాకు ఆకలి లేదు, నేను అమ్ముకొందును, మీకేమి అడ్డం?" అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. కాని అతడు తినక నిలిచిన రోజున పక్కనున్న ఆడమనిషి కూర్చొనుటకు సిగ్గుపడును. మరునాడు మేనేజరు అతనిని చూపి ఆమెను, "నీవెందుకు నిలువలేవు?" అనును. ఒకరి ఇష్టం రెండవవారికి ఆజ్ఞ అగుటకు ఎంతోకాలం పట్టదు. అందుచేత మా సంఘంలో విరామం అందరూ తీసికొనవలెననియే నిర్ణయించినాము. ఆ గంట సేపు అమ్మకపు ప్రోత్సాహకం పోకుండ, డిపో మొత్తపు అమ్మకం మీద అందరికీ పంచునట్లు మార్చినాము.

మేము చేసిన మార్పులు

ముందుగా చేసినది సాఫ్ట్‌వేరులో కాదు, మనుషుల ఏర్పాటులో. డిపోవారిని రెండు జట్లు చేసినాము. ఒక జట్టు పన్నెండున్నరకు, రెండవ జట్టు ఒకటిన్నరకు భోజనానికి లేచును. భోజనానికి ముందు ఎవరికీ నాలుగు గంటలు దాటవు. పండుగ నెలలో ఆ రెండు గంటలకు ఆఫీసు నుండి ఒకరు, అవసరమైతే నేను, డిపోలో నిలుచుచున్నాము. అద్దకపు షెడ్డులో బాన పొయ్యి మీద ఉన్నప్పుడు విడిచిపోవుటకు వీలులేదు. కనుక భోజనవేళ అయిన పిదప కొత్త బాన ఎక్కించరాదని నియమం పెట్టినాము.

తరువాత సాఫ్ట్‌వేరు. తానే తీసివేయు ఏర్పాటు ఎత్తివేసినాము. నిమిషాలు ఉన్నవి ఉన్నట్లే పడును. హెచ్చరిక నా ఫోనుకు వచ్చును. అడ్డును హాజరు మీద నుండి తీసి బిల్లింగు మీద పెట్టినాము: ఒకరు విరామంలో ఉన్నంతసేపు వారి నంబరు మీద బిల్లు పడదు. దానితో "ఒక్క బిల్లు వేసి పో పిన్నమ్మా" అనువారు లేకపోయిరి. ఒకవేళ విరామం మధ్య పిలువవలసి వస్తే ఆ నిమిషాలు పనిలో చేరును, విరామం మొదటి నుండి మళ్ళీ ఇవ్వవలెను.

కుర్చీల మాట కూడ చెప్పవలెను. బట్టల దుకాణాలలో ఆడవారు రోజంతా నిలిచి పనిచేయు బాధ మీద కేరళలో ఉద్యమం జరిగి 2018లో, మా తమిళనాట 2021లో, దుకాణాలలో పనిచేయువారికి కూర్చొనుటకు ఆసనాలు ఉండవలెనని చట్టాన్ని సవరించినారు. మా డిపోలో కుర్చీలున్నవి కాని వాటి మీద చీరల కట్టలుండెడివి. ఇప్పుడు కట్టలకు వేరే బల్ల వేసినాము.

మన పిల్లలకు చెప్పవలసినవి

బయట పనిచేయు పిల్లలకు ఇంటి పెద్దలు ఈ సంగతులు చెప్పుట మంచిది. చేరిన రోజుననే, భోజన విరామం యంత్రం తానే తీసివేయునా, మనం గుర్తు వేయవలెనా అని అడుగవలెను. విరామం దొరకని రోజున తేదీ, సమయం ఒక చిన్న పుస్తకంలో వ్రాసికొనవలెను. నెల చివర జ్ఞాపకం మీద చెప్పిన మాటకు బలముండదు. దొరకని విరామాన్ని దొరికినట్లు ఎవరు చెప్పినా నొక్కరాదు. జీతపు చీటీతో పాటు హాజరు రిపోర్టు కూడ చూపుమని అడుగవచ్చును. మన సమయం దిద్దినచో ఎందుకు దిద్దిరో అడుగుట గౌరవలోపం కాదు. ఒక్కరే అడుగుటకు జంకు అయితే నలుగురు కలిసి అడుగవలెను.

సంఘాల సెక్రటరీలకు నా మనవి ఒక్కటే. మీ సాఫ్ట్‌వేరు రిపోర్టు తెరచి, విరామపు గడిలో ప్రతి రోజూ, ప్రతి మనిషికీ ఒకే అంకె ఉన్నదేమో చూడుడు. ఉన్నచో ఆ నెల బిల్లులతో గాని, గోదాము పుస్తకంతో గాని ఒక్క మధ్యాహ్నం సరిచూచుకొనుడు. మనుషులు రోజూ ఒకే నిమిషానికి లేచి ఒకే నిమిషానికి తిరిగి రారు.

ఇక ఇంటి మగ్గం మీద ఉన్న మన సభ్యులకు ఏ యంత్రమూ విరామం తీసివేయదు, ఏ యంత్రమూ ఇవ్వదు. చీర దిగవలెనను తొందరలో పూట భోజనం సాయంత్రానికి జరుపుట మన ఇండ్లలో మామూలే. నడుము, కన్నులు, మోకాళ్ళు దాని లెక్క తరువాత చెప్పును. కూలి రేట్లు నిర్ణయించు సమావేశాలలో ఒక చీరకు పట్టు రోజులు లెక్కవేయునప్పుడు, మధ్యాహ్నపు విరామం విడిచిన రోజును కాక, దానిని కలిపిన రోజునే లెక్కలోనికి తీసికొనవలెనని మన ప్రతినిధులు అడుగవలసియున్నది. రాబోవు మహాసభలో ఈ విషయం చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాను.

మా సంఘపు రిపోర్టు ఇప్పుడు మునుపటివలె శుభ్రంగా లేదు. ఒకరికి 52 నిమిషాలు, ఒకరికి గంటా ఆరు నిమిషాలు, అక్కడక్కడ ఎర్ర గుర్తులు. మొన్న ఆడిటరు వాటిని చూపి, "వెనుక ఇన్ని లేవే?" అని అడిగినారు. "వెనుక కూడ ఉన్నవండీ, వ్రాయలేదు" అని చెప్పినాను. ఆయన ఒక్కొక్క ఎర్ర గుర్తుకు ఎదురుగా చెల్లింపు వివరం సరిచూచి సంతకం చేసినారు. పక్క గదిలో పిన్నమ్మ కుర్చీలో కూర్చుండి క్యారియరు విప్పుచున్నది. వేళ ఒంటిగంటకు ఇరువదియైదు నిమిషాలు తక్కువ.